అనారోగ్య సెలవుకు మెడికల్ సర్టిఫికెట్

ఉద్యోగి జబ్బుపడ్డాడని, కోలుకోవడానికి ఇన్ని రోజులు పనికి దూరంగా ఉండాలని రిజిస్టరైన డాక్టరు సంతకం చేసి ఇచ్చే కాగితం మెడికల్ సర్టిఫికెట్. ఆఫీసు ఉత్తర్వుల్లో దీన్నే వైద్య ధ్రువపత్రం అంటారు. సెలవు మంజూరుకు, సెలవు రోజుల జీతానికి, బీమా సొమ్ముకు, కొన్నిసార్లు ఉద్యోగం నిలబడడానికే ఇది ఆధారమవుతుంది.

మన దేశంలో ఈ విషయంలో అందరికీ వర్తించే చట్టం ఒక్కటంటూ లేదు. సచివాలయంలో పనిచేసేవారికి ఒక నియమావళి, జీడిమెట్ల ఫ్యాక్టరీ కార్మికుడికి మరొకటి, బట్టల కొట్లో సేల్స్‌మన్‌కు ఇంకొకటి. హైటెక్ సిటీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి చట్టంతో పాటు కంపెనీ రాసుకున్న పాలసీ కూడా ఉంటుంది. ఇన్ని తేడాల మధ్య ఒక సూత్రం మాత్రం అంతటా కనిపిస్తుంది. సర్టిఫికెట్ జబ్బుకు సాక్ష్యమే కాని సెలవుకు హక్కుపత్రం కాదు. సర్టిఫికెట్ చేతిలో ఉంది కదా, సెలవు వచ్చినట్టేనని ధైర్యంగా ఉండి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లున్నారు. అందువల్ల ఈ వ్యాసంలో ఆ సంగతికి ఎక్కువ చోటు ఇవ్వవలసి వచ్చింది.

పుట్టుక

జబ్బుపడ్డ కార్మికుడికి డబ్బు చెల్లించే ఏర్పాటు వచ్చిన తర్వాతే, జబ్బు నిజమో కాదో తేల్చే కాగితానికి విలువ వచ్చింది. 1883లో జర్మనీలో బిస్మార్క్ ప్రభుత్వం కార్మికులకు ఆరోగ్య బీమా తెచ్చింది. 1911లో బ్రిటన్ జాతీయ బీమా చట్టం చేసింది. రోగికి వైద్యం చేసే డాక్టరే బీమా సొమ్ము కోసం రోగిని పరీక్షించి రాసివ్వాలన్న పద్ధతి ఈ ఏర్పాట్లతో స్థిరపడింది. డాక్టరు మీద అప్పటినుంచి రెండు బాధ్యతలు పడ్డాయి. రోగి బాగు చూడాలి, డబ్బు కట్టేవాడికి నిజం చెప్పాలి. ఈ రెంటి మధ్య ఒత్తిడి నేటికీ తగ్గలేదు.

మన దగ్గర ఇది రెండు దారుల్లో వచ్చింది. ఒకటి సర్కారీ కొలువుల దారి. బ్రిటిష్ హయాంలో తయారైన ఫండమెంటల్ రూల్స్, 1933 నాటి మద్రాసు సెలవు నియమాలు స్వాతంత్ర్యం తర్వాత కూడా కొనసాగి ఆంధ్రప్రదేశ్ సెలవు నియమాలయ్యాయి. రెండోది ఫ్యాక్టరీ కార్మికుల దారి. 1943లో ప్రభుత్వం ప్రొఫెసర్ బి.పి.అదార్కర్‌కు కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పని అప్పగించింది. ఆయన మరుసటి ఏడాది ఇచ్చిన నివేదిక పునాదిగా 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం, అంటే ఈఎస్ఐ చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీల్లో పథకం మొదలైంది.

కాగితంలో ఏముండాలి

డాక్టర్ల వృత్తి ప్రవర్తన మీద భారత వైద్య మండలి 2002లో చేసిన నిబంధనలకు ఒక అనుబంధం ఉంది. సెలవు సర్టిఫికెట్ నమూనా అందులో ఉంటుంది. చాలామంది ఉద్యోగులు దాన్ని చూసి ఉండరు. ముందుగా రోగి డాక్టరు ఎదుట సంతకం చేయాలి, లేదా వేలిముద్ర వేయాలి. తర్వాత పుట్టుమచ్చలు. ఆ పైన డాక్టరు తాను జాగ్రత్తగా పరీక్షించానని, పైన సంతకం చేసిన వ్యక్తి ఫలానా జబ్బుతో ఉన్నాడని, ఆరోగ్యం తిరిగి కుదుటపడడానికి ఫలానా తేదీ నుంచి ఇన్ని రోజులు విధులకు దూరంగా ఉండడం తప్పనిసరి అని రాసి సంతకం పెట్టాలి. రిజిస్ట్రేషన్ నంబరు వేయాలి. జబ్బు లక్షణాలు, కారణం, ఎన్నాళ్లుగా ఉంది అన్న క్లుప్త వివరం జతచేయాలి.

రోగి సంతకాన్ని ఆ కాగితంలోనే అడగడంలో ఉద్దేశం స్పష్టం. ఒకరి పేరు మీద మరొకరు పరీక్ష చేయించుకోకూడదు, రోగిని చూడకుండా సర్టిఫికెట్ రాయకూడదు. డాక్టరు తానిచ్చిన సర్టిఫికెట్లకు రిజిస్టరు పెట్టాలి, ప్రతిదాని నకలు ఉంచుకోవాలి. రెండు నెలల తర్వాత ఆఫీసు నుంచి విచారణ ఉత్తరం వస్తే ఉద్యోగిని కాపాడేది ఆ రిజిస్టరులోని నమోదే. 2023 ఆగస్టులో, మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు ప్రకటించి అదే నెలలో నిలిపివేసింది. దాంతో 2002 నాటివే కొనసాగాయి.

సంతకం చేసే అర్హత ఎవరికి? చట్టప్రకారం అవసరమైన మెడికల్, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల మీద సంతకం చేసే హక్కును 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ రిజిస్టరులో పేరున్న వైద్యులకే ఇచ్చింది. ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మన పల్లెల్లో జ్వరమొస్తే ముందుగా వెళ్లేది రిజిస్టరులో పేరులేని ఆర్ఎంపీ దగ్గరికే. ఆయన సూది వేసి, మందు ఇచ్చి, లెటర్‌హెడ్ మీద రాసిచ్చినా అది ఈ నియమాల కింద చెల్లదు. ఆ సంగతి ఆఫీసు మెట్లెక్కాక తెలిస్తే అప్పటికే రోజులు గడిచిపోయి ఉంటాయి.

అబద్ధపు సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పుకోవాలి. నిజం కాని సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు పేరును రిజిస్టరు నుంచి తొలగించవచ్చని 2002 నిబంధనలే చెబుతున్నాయి. చట్టం కోరే సర్టిఫికెట్‌ను తెలిసి తెలిసి తప్పుగా ఇవ్వడం, దాన్ని నిజమైనదిగా వాడడం భారతీయ న్యాయ సంహిత 234, 235 సెక్షన్ల కింద నేరాలు. ఊరి పెళ్లికో కోతలకో వెళ్లి జ్వరమని రాయించుకునే అలవాటు వల్ల ఎక్కువగా నష్టపోయేది నిజంగా జబ్బుపడ్డవాళ్లు. ఒకరి దొంగ కాగితం బయటపడితే ఆ తర్వాత పదిమంది మంచి కాగితాలను అనుమానంతో చూస్తారు.

ప్రభుత్వోద్యోగులు

సర్కారీ కొలువులో రెండు రోజుల జ్వరానికి సర్టిఫికెట్ అవసరం సాధారణంగా రాదు. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వోద్యోగులకు ఏడాదికి 15, కేంద్ర ఉద్యోగులకు 8 క్యాజువల్ లీవులున్నాయి. చిన్న జబ్బులు వాటిలో సర్దుకుపోతాయి. పెద్ద జబ్బు వస్తే అర్ధజీతపు సెలవు, కమ్యూటెడ్ లీవు ముందుకొస్తాయి.

లెక్క ఇలా ఉంటుంది. ఏడాది సర్వీసుకు 20 రోజుల అర్ధజీతపు సెలవు ఖాతాలో చేరుతుంది. పదేళ్లు సర్వీసున్న ఒక టీచరు దాన్నేమీ వాడుకోలేదనుకుందాం. ఖాతాలో 200 రోజులుంటాయి. పచ్చకామెర్లు వచ్చి ఆమె నెల రోజులు మంచం పట్టారు. అర్ధజీతం మీద సెలవు పెడితే ఖాతాలో 30 రోజులు తగ్గుతాయి, జీతం సగానికి పడిపోతుంది. మెడికల్ సర్టిఫికెట్ జతచేసి కమ్యూటెడ్ లీవు పెడితే పూర్తి జీతం వస్తుంది, ఖాతాలో మాత్రం రెట్టింపు, అంటే 60 రోజులు తగ్గుతాయి. ఆంధ్రప్రదేశ్ నియమాల్లో ఇలా వాడుకునే కమ్యూటెడ్ లీవుకు సర్వీసు మొత్తానికి 240 రోజుల హద్దు ఉంది. ఖాతా ఖాళీ అయిపోయినా తిరిగి డ్యూటీకి వచ్చి సంపాదించుకోగలరన్న నమ్మకముంటే, మెడికల్ సర్టిఫికెట్ మీద ముందస్తుగా ఇచ్చే సెలవు మరొకటి ఉంది. అది రాష్ట్రంలో సర్వీసు మొత్తానికి 180 రోజులు, కేంద్రంలో 360 రోజులు.

కేంద్ర ఉద్యోగులకు 1972 నాటి సెలవు నియమాల్లో 19వ నియమం కీలకం. అందులోని నాలుగు మాటలు ప్రతి ఉద్యోగీ గుర్తుపెట్టుకోదగినవి. జబ్బు ఏమిటో, ఎన్నాళ్లు ఉంటుందో సర్టిఫికెట్ వీలైనంత స్పష్టంగా చెప్పాలి. పై అధికారికి అనుమానం వస్తే సివిల్ సర్జన్ స్థాయికి తగ్గని ప్రభుత్వ వైద్యుడి చేత రెండోసారి పరీక్ష చేయించవచ్చు. సర్టిఫికెట్ ఉన్నంతమాత్రాన సెలవు హక్కు రాదు, దాన్ని పంపి ఉత్తర్వు కోసం ఎదురుచూడాలి. మూడు రోజులు మించని సెలవుకు సర్టిఫికెట్ అక్కర్లేదని అధికారి తన విచక్షణతో మినహాయించవచ్చు. అయితే ఆ రోజులు మెడికల్ లీవుగా కాక ఇతర సెలవు కింద ఖర్చవుతాయి.

జబ్బు తగ్గాక ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. మెడికల్ లీవులో వెళ్లినవారు అది చూపించనిదే తిరిగి చేరడానికి వీల్లేదు. సెలవు ముగింపు రోజుకు డాక్టరు దొరకక, ఆదివారం అడ్డొచ్చి, చేరడం ఆలస్యమైతే ఆ మధ్య రోజులను ఎలా పరిగణించాలన్న తగాదా తరచూ వస్తుంటుంది. సెలవు ముగిసే రెండు రోజుల ముందే డాక్టరును కలవడం దీనికి తేలిక మార్గం. ఉద్యోగి అనుమతి లేకుండా ఏడాదికి మించి గైర్హాజరైతే రాజీనామా చేసినట్టుగా భావించాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లో ఉత్తర్వు ఇచ్చింది. దీర్ఘకాలిక మానసిక వ్యాధితో ఇంట్లోనే ఉండిపోయి, సెలవు చీటీ కూడా పంపలేని ఉద్యోగి కుటుంబానికి ఈ ఉత్తర్వు పెద్ద దెబ్బ అవుతుంది. అలాంటప్పుడు ఇంట్లోవాళ్లే సర్టిఫికెట్‌తో దరఖాస్తు పంపడం అవసరం. జబ్బు వైకల్యానికి దారితీస్తే మరో రక్షణ ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని ప్రభుత్వ సంస్థలు తొలగించరాదని, హోదా తగ్గించరాదని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చెబుతోంది.

రైల్వేలో పద్ధతి వేరు. అక్కడ ఉద్యోగి రైల్వే డాక్టరు దగ్గర 'సిక్'లో చేరాలి, ఆయనే 'ఫిట్' ఇవ్వాలి. ఊళ్లో ఉండగా జబ్బుచేస్తే ప్రైవేటు డాక్టరు సర్టిఫికెట్, వాడుకలో పీఎంసీ, తెచ్చుకోవచ్చు. దానితో మళ్లీ రైల్వే డాక్టరు ముందుకు వెళ్లాల్సిందే. లోకో పైలట్ చూపు మీద, నిలకడ మీద వందలమంది ప్రాణాలు ఆధారపడి ఉంటాయి కాబట్టి ఇక్కడి కట్టుదిట్టం న్యాయమైనదే.

ఈఎస్ఐ కార్మికులు

నెలకు 21,000 రూపాయల లోపు వేతనం ఉండి, పది మందికి తగ్గని సంస్థలో పనిచేసేవారు ఈఎస్ఐ కిందికి వస్తారు. 2017 జనవరి 1 నుంచి ఈ పరిమితి అమలవుతోంది. 2019 జూలై 1 నుంచి వేతనంలో యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడుతున్నారు. జబ్బుపడ్డప్పుడు ఏడాదికి 91 రోజుల దాకా సగటు వేతనంలో 70 శాతం నగదుగా ఇచ్చేది యజమాని కాదు, బీమా సంస్థ. కాబట్టి ఇక్కడ సర్టిఫికెట్ రెండు చోట్లకు వెళ్లాలి. డబ్బు కోసం ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు, గైర్హాజరుకు కారణం చూపడం కోసం ఫ్యాక్టరీకి. మొదటిది చేసి రెండోది మరిచిపోవడం మన కార్మికులు తరచుగా చేసే పొరపాటు.

సగటు దినవేతనం 600 రూపాయలున్న ఒక కార్మికురాలికి డెంగీ వచ్చిందనుకుందాం. డిస్పెన్సరీ డాక్టరు 7 రోజులు విశ్రాంతి రాశారు. మొదటి 2 రోజులకు సొమ్ము రాదు. వాటిని నిరీక్షణ రోజులంటారు. మిగిలిన 5 రోజులకు రోజుకు 420 చొప్పున 2,100 రూపాయలు ఆమె ఖాతాలో పడతాయి. జ్వరం తిరగబెట్టి 15 రోజుల్లోపే మళ్లీ సెలవు పెట్టాల్సివస్తే రెండోసారి నిరీక్షణ రోజులుండవు. అయితే వీటన్నిటికీ ముందు ఒక షరతు ఉంది. అంతకుముందరి ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టిన చందాకు జనవరి నుంచి జూన్ వరకు ప్రయోజనం, అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టినదానికి జూలై నుంచి డిసెంబరు వరకు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా నమోదు తెగిపోయే కార్మికులు 78 రోజుల దగ్గరే ఆగిపోతారు. జబ్బూ నిజమే, సర్టిఫికెట్టూ నిజమే, డబ్బు మాత్రం రాదు. ఈ పథకంలో ముందుగా సరిచేయాల్సిన లోపం ఇదే.

క్షయ, కుష్ఠు, క్యాన్సర్, మానసిక వ్యాధులు వంటి 34 దీర్ఘవ్యాధులకు 80 శాతం వేతనంతో రెండేళ్ల దాకా పొడిగింపు ఉంది. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకుంటే పురుషులకు 7 రోజులు, స్త్రీలకు 14 రోజులు పూర్తి వేతనం ఇస్తారు.

ఇక్కడ సర్టిఫికెట్ తీసుకున్నవారికి బాధ్యతలూ ఉన్నాయి. డిస్పెన్సరీ చికిత్సలో ఉండాలి. కోలుకోవడానికి అడ్డొచ్చే పని చేయకూడదు. డాక్టరు అనుమతి లేకుండా ఆ ప్రాంతం విడిచి వెళ్లకూడదు. మల్కాజిగిరి గదిలో ఒంటరిగా ఉండే శ్రీకాకుళం కుర్రాడికి జ్వరమొస్తే అమ్మ దగ్గరికి వెళ్లాలనిపించడం సహజం. రైలెక్కే ముందు డిస్పెన్సరీలో ఒక మాట చెప్పి, రాయించుకుని వెళ్లాలి.

కనిగిరి సర్టిఫికెట్

జబ్బు సెలవు మీద మన దేశంలో వచ్చిన తొలినాటి ముఖ్యమైన తీర్పుల్లో ఒకదానికి కేంద్రం తెలుగు ఊరి సర్టిఫికెటే. మద్రాసు పెరంబూరులోని బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లులో పనిచేసే ఒక కార్మికుడు 1957 జనవరిలో సంక్రాంతి రోజుల్లో కొద్దిరోజులు సెలవు తీసుకున్నాడు. 19వ తేదీన తిరిగి చేరాలి. చేరలేదు, కబురూ పంపలేదు. మార్చి 11న మిల్లుకు ఉత్తరం రాశాడు. జ్వరం, విరేచనాలతో రాలేకపోయానన్నాడు. ఆనాటి నెల్లూరు జిల్లా కనిగిరి ప్రభుత్వాసుపత్రి సివిల్ అసిస్టెంట్ సర్జన్ ఇచ్చిన సర్టిఫికెట్ జతచేశాడు. జనవరి 15 నుంచి మార్చి 7 వరకు మలేరియా, జిగట విరేచనాలతో బాధపడ్డాడని అందులో ఉంది.

మిల్లు అతన్ని తన డాక్టరు దగ్గరికి పంపింది. రెండు నెలలు జబ్బుగా ఉన్నాడని తాను నిర్ధారించలేనని ఆ డాక్టరు అన్నాడు. ఇక మిల్లు తన ఉద్యోగ నియమాలను, అంటే స్టాండింగ్ ఆర్డర్సును చూపించింది. సెలవు లేకుండా వరుసగా 8 పనిదినాలు రానివాడు తనంతట తాను ఉద్యోగం వదిలేసినట్టే అని ఆ నియమం. ఈఎస్ఐ సంస్థ మాత్రం అదే సర్టిఫికెట్‌ను నమ్మి అతనికి సొమ్ము చెల్లించింది. అనారోగ్య కాలంలో కార్మికుణ్ణి తొలగించడాన్ని, శిక్షించడాన్ని నిషేధించిన ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ తనకు రక్షణ అని కార్మికుడు వాదించాడు. మద్రాసు హైకోర్టు ఒప్పుకుంది. 1963లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ సెక్షన్ యజమాని వేసే శిక్షకు అడ్డుపడుతుంది కాని, గైర్హాజరు కారణంగా నియమం ప్రకారం దానంతటదే తెగిపోయే ఉద్యోగానికి అడ్డుపడదని తీర్పు చెప్పింది.

ఒకే కాగితం బీమా సంస్థకు చెల్లింది, యజమానికి చెల్లలేదు. ఆ కార్మికుడు జనవరిలోనే ఒక టెలిగ్రాం ఇచ్చి ఉంటే కథ వేరేలా ఉండేది. కాని మలేరియాతో మంచంలో ఉన్న మనిషి నుంచి అంత జాగ్రత్త ఆశించడం కఠినమైన న్యాయం. చట్టం ఆ కాఠిన్యం నుంచి బయటపడడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

1993లో డి.కె.యాదవ్ కేసులో సుప్రీంకోర్టు, 8 రోజులు రాలేదన్న కారణంతో సంజాయిషీ అడగకుండా, విచారణ జరపకుండా ఉద్యోగం తీసేయడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని చెప్పింది. జీవించే హక్కులో జీవనోపాధి ఉందని, నియమంలో విచారణ మాట లేకపోయినా సహజన్యాయం దానిలో ఉన్నట్టే చదవాలని అంది. కార్మికుణ్ణి సగం బకాయి వేతనంతో తిరిగి తీసుకోమంది. 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో మరో అడుగు ముందుకు వేసింది. అనుమతి లేని గైర్హాజరు అంతా తప్పుడు ప్రవర్తన కాదు, అది ఉద్దేశపూర్వకమని రుజువు చేయాలి, జబ్బు, ప్రమాదం, ఆసుపత్రిలో చేరడం వంటి బలమైన కారణాలు ఉండవచ్చు అని తేల్చింది. నేడు సర్టిఫికెట్ ఆలస్యంగా పంపిన ఉద్యోగికి అండగా నిలిచేవి ఈ రెండు తీర్పులే.

దుకాణాలు, ఆఫీసులు, కంపెనీలు

తెలుగు రాష్ట్రాల్లో దుకాణాలకు, హోటళ్లకు, ప్రైవేటు ఆఫీసులకు వర్తించేది 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం. విభజన తర్వాత తెలంగాణ కూడా దాన్నే తన పేరుతో కొనసాగించింది. దాని 30వ సెక్షన్ ప్రకారం ఉద్యోగికి ఏడాదికి 12 రోజుల దాకా జబ్బు లేదా ప్రమాదం కారణంగా వేతనంతో కూడిన సెలవు, దానికి తోడు మరో 12 రోజుల క్యాజువల్ లీవు ఉన్నాయి. మొదటి ఏడాది నుంచే ఇవి వర్తిస్తాయి. బట్టల షాపుల్లో, మెడికల్ షాపుల్లో పనిచేసే ఎంతోమంది అమ్మాయిలకు ఈ 12 రోజుల సంగతే తెలియదు. రాని రోజుకు జీతం కోత అన్నదే వాళ్లకు తెలిసిన నియమం.

2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టంలో వేరుగా జబ్బు సెలవు లేదు. 20 పనిదినాలకు ఒకటి చొప్పున వచ్చే వార్షిక సెలవును జబ్బుకు వాడుకోవచ్చు. మామూలుగా 15 రోజుల ముందు దరఖాస్తు చేయాలన్న నియమం జబ్బు విషయంలో వర్తించదు. పత్రికా విలేకరులకు 1955 నాటి చట్టం, మెడికల్ రెప్రజెంటేటివ్‌లకు 1976 నాటి చట్టం సర్వీసు కాలంలో పద్దెనిమిదో వంతుకు తగ్గకుండా, మెడికల్ సర్టిఫికెట్ మీద సగం వేతనంతో సెలవు ఇచ్చాయి.

2025 నవంబరు 21న కేంద్రం నాలుగు కార్మిక స్మృతులను అమల్లోకి తెచ్చింది. ఈఎస్ఐ చట్టం, ఫ్యాక్టరీల చట్టం, విలేకరుల చట్టం వాటిలో కలిసిపోయాయి. సెక్షన్ల నంబర్లు మారాయి. వార్షిక సెలవుకు అర్హత 240 పనిదినాల నుంచి 180కి తగ్గింది. స్టాండింగ్ ఆర్డర్సు తప్పనిసరి అయ్యే పరిమితి 100 మంది నుంచి 300 మందికి పెరిగింది. ఈ చివరి మార్పు మంచిది కాదు. నియమం రాతలో లేని చోట సర్టిఫికెట్ అడగాలా వద్దా, ఎప్పటిలోగా ఇవ్వాలి అన్నవి సూపర్‌వైజరు ఇష్టానికి వదిలేసినట్టవుతాయి.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలావరకు రెండు మూడు రోజులు దాటితేనే సర్టిఫికెట్ అడుగుతారు. మందుల చీటీ లేదా డిశ్చార్జి సమ్మరీ పోర్టల్‌లో పెడితే సరిపోతుంది. అదే ఆవరణలో పనిచేసే సెక్యూరిటీ గార్డుకు, హౌస్‌కీపింగ్ ఆయాకు ఏజెన్సీ ఒక్కరోజు సెలవుకూ చీటీ అడగడం మామూలే. ఆమె డాక్టరు ఫీజు, ఆటో ఖర్చు పెట్టుకుని, ఓపీ క్యూలో సగం రోజు నిలబడి తెచ్చే కాగితం విలువ ఒక రోజు కూలి కన్నా ఎక్కువవుతుంది. ఆమెకు కావలసింది పడుకుని విశ్రాంతి తీసుకోవడం. కాగితం కోసం ఆ విశ్రాంతినే వదులుకోవాల్సి వస్తోంది.

జబ్బు పేరు ఎవరికి తెలియాలి

సర్టిఫికెట్‌లో జబ్బు పేరు రాయాలని ప్రభుత్వ నమూనాలు కోరతాయి. ఆ కాగితం గుమస్తా బల్ల నుంచి సూపరింటెండెంటుకు, అక్కడి నుంచి ట్రెజరీకి తిరుగుతుంది. గర్భస్రావం, డిప్రెషన్, క్షయ లాంటివి ఆఫీసంతా తెలిసిపోవడానికి ఇదొక దారి. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం కోర్టు ఉత్తర్వు ఉంటే తప్ప తన హెచ్ఐవీ స్థితి వెల్లడించమని ఎవరినీ బలవంతం చేయకూడదు. అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగి వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది. యజమానికి నిజంగా అవసరమైనవి మూడే. పని చేయగలడా, ఎప్పటినుంచి చేయగలడు, తిరిగి వచ్చాక ఏ పని చేయించకూడదు. మిగతాది డాక్టరుకూ రోగికీ మధ్య ఉండాల్సిన విషయం.

ఇతర దేశాల్లో

జర్మనీలో జబ్బు మూడు రోజులు మించితే సర్టిఫికెట్ ఇవ్వాలి. యజమాని ముందే అడగనూ వచ్చు. ఆరు వారాల దాకా పూర్తి జీతం యజమానే ఇస్తాడు. 2023 జనవరి నుంచి ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉన్నవారి సర్టిఫికెట్‌ను యజమాని ఆన్‌లైన్‌లో బీమా సంస్థ నుంచే తీసుకుంటున్నాడు, రోగి కాగితం పట్టుకు తిరగనక్కర్లేదు. బ్రిటన్‌లో మొదటి ఏడు రోజులకు ఉద్యోగి స్వయంగా రాసిచ్చే మాట చాలు. 2010 నుంచి అక్కడి డాక్టర్లు పని చేయలేడని మాత్రమే కాక, తేలికపాటి పని ఇస్తే చేయగలడని కూడా రాయవచ్చు. 2022 జూలై నుంచి నర్సులు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులు కూడా ఈ పత్రం ఇవ్వవచ్చు. కెనడాలోని ఒంటారియో 2024 అక్టోబరు 28 నుంచి, చట్టం ఇచ్చిన మూడు రోజుల జబ్బు సెలవుకు డాక్టరు చీటీ అడగడాన్నే నిషేధించింది.

జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారికి అక్కడి నియమాలు తెలిసి ఉండడం అవసరం. యూఏఈలో ప్రైవేటు ఉద్యోగి జబ్బు సంగతి మూడు పనిదినాల్లో యజమానికి తెలిపి మెడికల్ రిపోర్టు ఇవ్వాలి. ప్రొబేషన్ తర్వాత ఏడాదికి 90 రోజుల సెలవులో మొదటి 15 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 30 రోజులకు సగం, మిగతాదానికి జీతం లేదు. ఇంటిపనివారికి వేరే చట్టం ఉంది. వారికి 30 రోజులే, అందులో 15 రోజులకు జీతం. సౌదీలో మొదటి 30 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 60 రోజులకు ముప్పాతిక, ఆపై 30 రోజులు జీతం లేకుండా. భాష రాక, ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లు లేక గదిలోనే పడుకుండిపోయిన కార్మికుడు తర్వాత ఈ రక్షణలేవీ అడగలేడు.

ఉద్యోగులకు, యజమానులకు

ఒకటి రెండు రోజుల జబ్బుకు డాక్టరు కాగితం అడగడం మానేయాలి. మూడు రోజుల దాకా మినహాయించే వీలు కేంద్ర ప్రభుత్వ నియమాల్లో ఎప్పటినుంచో ఉంది. ప్రైవేటు యజమానులు, ముఖ్యంగా మనుషులను సరఫరా చేసే ఏజెన్సీలు, అదే దారి పట్టడానికి కొత్త చట్టం అవసరం లేదు. నిజమైన అనుమానమున్న చోట రెండో వైద్యుడి అభిప్రాయం అడిగే మార్గం ఎలాగూ ఉంది.

ఉద్యోగులు చేయాల్సిందీ ఉంది. మంచం పట్టిన రోజునే ఒక వాట్సాప్ సందేశమో, మెయిలో, ఇంట్లోవాళ్ల చేత ఉత్తరమో ఆఫీసుకు పంపండి. సర్టిఫికెట్ వెనకగా వచ్చినా ఫరవాలేదు, సమాచారం మాత్రం ముందే వెళ్లాలి. రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న డాక్టరు దగ్గరే రాయించుకోండి. మీ సంతకం, పరీక్షించిన తేదీ, విశ్రాంతి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో అందులో ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఒక నకలు మీ దగ్గర పెట్టుకుని, అసలును ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.